యాంప్లిఫయర్‌లోని లిమిటర్ ఎవరిని కాపాడుతుంది?

వినాయక చవితి మొదలు శరన్నవరాత్రులు, దీపావళి దాకా మన హాలులో మైకుకు విశ్రాంతి ఉండదు. పొద్దున అర్చన, మధ్యాహ్నం భజన, సాయంత్రం పిల్లల నాట్యం, మధ్యలో ప్రకటనలు. వీటన్నిటికీ మైకు సెట్టు దగ్గర కూర్చునేది జీతానికి వచ్చిన సౌండ్ ఇంజనీర్లు కాదు. వారమంతా ఆఫీసుల్లో పనిచేసి, శనివారం, ఆదివారం సేవకు వచ్చే మన వాలంటీర్లే.

వాళ్ల ఎదుట మిక్సరు, దాని పక్కన బల్ల కింద యాంప్లిఫయరు ఉంటాయి. యాంప్లిఫయరు ముఖం మీద ఆకుపచ్చ లైటు ఒకటి, ఎర్ర లైటు ఒకటి. ఎర్ర లైటు పక్కన "క్లిప్" అనో "లిమిట్" అనో రాసి ఉంటుంది. అది వెలిగినప్పుడు మనవాళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "అమ్మో, కాలిపోతుంది, తగ్గించండి" అనేవారు కొందరు. "ఏం ఫరవాలేదు, లోపల లిమిటర్ ఉంది, అదే చూసుకుంటుంది" అనేవారు ఇంకొందరు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, పూర్తి నిజం లేదు.

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి. సౌండ్ సేవలో పాలుపంచుకుంటూ ఈ యంత్రాల గురించి తెలుసుకున్నదీ, చెవి గురించి చదువుకున్నదీ కలిపి ఈ పాఠం రాస్తున్నాను. లెక్కలు కొన్ని వస్తాయి. హైస్కూలు గుణకారాలు, భాగాహారాలకు మించినవి కావు, భయపడకండి.

యాంప్లిఫయర్ చేసే పని

యాంప్లిఫయరు చేసేది గుణకారం. మిక్సరు నుంచి వచ్చిన చిన్న వోల్టేజిని ఒక స్థిరమైన అంకెతో గుణించి స్పీకరుకు పంపుతుంది. చాలా యాంప్లిఫయర్లలో ఆ అంకె సుమారు 40. సౌండ్ భాషలో దీన్నే 32 డెసిబెల్స్ గెయిన్ అంటారు.

8 ఓమ్‌ల స్పీకరుకు 400 వాట్లు ఇవ్వగల యాంప్లిఫయరును ఉదాహరణగా తీసుకుందాం. వోల్టేజిని దానితోనే గుణించి, ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఆ లెక్కన 400 వాట్లకు సుమారు 56.6 వోల్టులు కావాలి. ఇది సగటు లాంటి కొలత. నునుపైన అల శిఖరం దీనికి 1.41 రెట్లు ఉంటుంది, అంటే 80 వోల్టులు. యాంప్లిఫయరు లోపలి పవర్ సప్లయి కూడా అంతవరకే తయారై ఉంటుంది. ఆ 80 వోల్టులే దాని ఇంటి కప్పు అనుకోండి.

56.6ను 40తో భాగిస్తే 1.4 వస్తుంది. మిక్సరు నుంచి 1.4 వోల్టులు వచ్చినంతవరకు అంతా బాగుంటుంది. ఎవరో ఉత్సాహంగా ఫేడరు పైకి తోస్తే 2 వోల్టులు వచ్చాయనుకోండి. యాంప్లిఫయరు దాన్నీ 40తో గుణించాలని చూస్తుంది. అప్పుడు అల శిఖరం 113 వోల్టులు కావాలి. కానీ కప్పు 80 దగ్గరే ఉంది. ఆరడుగుల మనిషి నాలుగడుగుల గుమ్మంలో నిటారుగా వెళ్లబోతే ఏమవుతుందో అదే జరుగుతుంది. అల తల కప్పుకు కొట్టుకుని చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తెలుగులో తల తెగడం అనుకోవచ్చు. ఆ గరగరమనే పగిలిన శబ్దం మనందరికీ పరిచయమే.

తల తెగితే స్పీకరుకేమిటి బాధ?

క్లిప్పింగ్ అయినప్పుడు స్పీకరులోకి డీసీ కరెంటు పోతుందనీ, అందుకే కాలుతుందనీ ఒక మాట ప్రచారంలో ఉంది. అది సరికాదు. పైనా కిందా సమానంగా తల తెగిన అలలో డీసీ ఉండదు. అసలు కారణం వేడి.

స్పీకరు లోపల వాయిస్ కాయిల్ అనే సన్నని తీగచుట్ట ఉంటుంది. యాంప్లిఫయరు ఇచ్చిన శక్తిలో శబ్దంగా మారేది నూటికి కొద్ది వంతులే. మిగతాదంతా ఆ తీగచుట్టలో వేడిగా మారుతుంది. నునుపైన అల శిఖరం దగ్గర క్షణకాలం మాత్రమే ఉండి దిగిపోతుంది. తల పూర్తిగా తెగి చతురస్రంగా మారిన అల మాత్రం ఎప్పుడూ కప్పు దగ్గరే ఉంటుంది. 80ని 80తో గుణించి 8తో భాగించండి. 800 వాట్లు. అంటే 400 వాట్ల యాంప్లిఫయరే, బాగా తల తెగే స్థితిలో, దానికి రెట్టింపు దాకా వేడిని తీగచుట్టలోకి పంపగలదు.

ముందుగా కష్టపడేది ట్వీటరు, అంటే పై స్వరాలు పలికే చిన్న స్పీకరు. ఒకే పెట్టెలో పెద్ద స్పీకరు, చిన్న స్పీకరు ఉన్నప్పుడు, చిన్నదాని వాటాకు మామూలుగా వచ్చేది తక్కువ శక్తి. ఫేడరు పెంచినకొద్దీ మంద్ర స్వరాలు కప్పుకు తగిలి ఆగిపోతాయి గానీ, వాటి మీద సన్నగా స్వారీ చేసే పై స్వరాలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. తల తెగడం వల్ల కొత్తగా పుట్టే కరకు స్వరాలు కూడా వాటికే తోడవుతాయి. చిన్నవాడి మీద ఇద్దరి బరువు పడుతుంది. పండగ మర్నాడు "మాట వస్తోంది గానీ స్పష్టంగా లేదు, దుప్పటి కప్పినట్టుంది" అని ఎవరైనా అంటే, ట్వీటరు పోయిందేమోనని ముందు చూడండి.

కాయిల్ కాలకముందే ఇంకో ముచ్చట జరుగుతుంది. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి నూటికి 0.39 వంతు చొప్పున పెరుగుతుంది. తీగచుట్ట 200 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగిందంటే నిరోధం సుమారు ముప్పాతిక వంతు ఎక్కువవుతుంది. అదే వోల్టేజికి తక్కువ శక్తి వెళుతుంది, శబ్దం తగ్గుతుంది. కూర్చున్నవారు "ఏమిటి, తగ్గిపోయింది?" అంటారు. వాలంటీరు ఇంకొంచెం పెంచుతాడు. జ్వరంతో ఉన్నవాడి మీద ఇంకో దుప్పటి కప్పినట్టవుతుంది.

లిమిటర్ లోపల జరిగేది

ఈ తల తెగడాన్ని అదుపులో ఉంచడానికే యాంప్లిఫయర్ల లోపల క్లిప్ లిమిటర్ పెడతారు. దాని ఆలోచన సులువైనది. లోపలికి వచ్చినదాన్నీ, బయటికి పోతున్నదాన్నీ ఒక చిన్న సర్క్యూట్ పోల్చి చూస్తూ ఉంటుంది. బయటిది లోపలిదానికి సరిగ్గా 40 రెట్లు ఉంటే తేడా సున్నా, చేసేదేమీ లేదు. 113 ఉండాల్సిన చోట 80 ఉందంటే తేడా కనబడుతుంది. తల తెగిందన్నమాట. ఆ తేడాయే ఎర్ర లైటును వెలిగిస్తుంది, లిమిటరునూ మేల్కొలుపుతుంది.

మేల్కొన్న లిమిటరు గుణకారం అంకెను తగ్గిస్తుంది. మన ఉదాహరణలో 40ని సుమారు 28కి దించుతుంది. అప్పుడు 2 వోల్టులు వచ్చినా శిఖరం 80 దగ్గరే ఆగుతుంది. కానీ ఈసారి తల తెగి కాదు, మొత్తం అల చిన్నదై. మనిషి గుమ్మంలో వంగి వెళ్లినట్టు. రూపం చెడదు, ఎత్తు తగ్గుతుంది.

ఈ తగ్గించే పనికి పాత యాంప్లిఫయర్లలో ఒక ముచ్చటైన ఉపాయం వాడేవారు. వెలుగు పడితే నిరోధం మారే చిన్న ముక్కనూ, ఒక ఎల్‌ఈడీనీ నల్లని డబ్బీలో ఎదురెదురుగా పెడతారు. తల తెగితే లోపలి ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఆ ముక్క నిరోధం పడిపోతుంది, వచ్చే సిగ్నలు కొంత పక్కకు మళ్లిపోతుంది. ఇప్పటి యాంప్లిఫయర్లలో చాలావరకు ఈ పనిని డిజిటల్ చిప్ లెక్కకట్టి చేస్తుంది. పీవీ కంపెనీ తన యాంప్లిఫయర్లలో ఇలాంటి ఏర్పాటుకు డీడీటీ అని పేరు పెట్టింది. క్యూఎస్‌సీ ఆర్‌ఎంఎక్స్ శ్రేణిలో వెనుకవైపు చిన్న స్విచ్చులతో దీన్ని వేసుకోవచ్చు, తీసేయవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న యాంప్లిఫయర్లకు ఆ స్విచ్చు ఏ స్థితిలో ఉందో ఎవరూ చూడరు. ఒకసారి టార్చిలైటు వేసి చూడండి.

ఇక్కడ రెండు కాలాలు గుర్తుంచుకోవాలి. తల తెగిన తరువాత ఎంతసేపటికి లిమిటరు పట్టుకుంటుందన్నది మొదటిది. ప్రమాదం పోయాక ఎంతసేపటికి వదులుతుందన్నది రెండోది. పట్టుకోవడం మిల్లీసెకన్లలో జరుగుతుంది, వదలడం అంతకన్నా చాలా నిదానంగా జరుగుతుంది. మరీ తొందరగా పట్టి వదిలితే నష్టమేమిటని అడగవచ్చు. 50 హెర్ట్జ్ మంద్ర స్వరం ఒక్క చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ చుట్టు పూర్తికాకముందే గుణకారం మారుతూ పోతే, లిమిటరే అల రూపాన్ని పాడుచేస్తుంది. అందుకని తయారు చేసేవారు కావాలనే కొంత నిదానం ఉంచుతారు. డోలు మీద పడిన మొదటి దెబ్బ తల కొద్దిగా తెగవచ్చు. అది చెవికి తెలియదు, స్పీకరుకు హాని లేదు. కాబట్టి ఎర్ర లైటు అప్పుడప్పుడు మిణుకుమంటే కంగారు అక్కరలేదు. వెలిగి ఆరకుండా ఉంటేనే సమస్య.

ఒక్క లిమిటరు కాదు, కుటుంబం

లిమిటర్ అన్న పేరుతో యాంప్లిఫయరులో చాలామంది కాపలాదారులు ఉండవచ్చు. ఒక్కొక్కరు ఒక్కో గుమ్మం కాస్తారు.

మొదటివాడు ఇప్పటిదాకా చెప్పుకున్న క్లిప్ లిమిటర్. యాంప్లిఫయరు కప్పును మాత్రమే చూస్తాడు.

రెండోవాడు మనం నిర్ణయించిన వోల్టేజి దగ్గర ఆపే పీక్ లిమిటర్. డిజిటల్ యాంప్లిఫయర్లలో ఉంటాడు. స్పీకరుకు తగినట్టు మనమే గీత గీయవచ్చు.

మూడోవాడు సగటు శక్తిని చూసే లిమిటర్. ఒక్క దెబ్బను పట్టించుకోడు. కొన్ని సెకన్లపాటు ఎంత వేడి పోగవుతోందో లెక్కకట్టి నెమ్మదిగా తగ్గిస్తాడు. వాయిస్ కాయిల్‌కు నిజమైన స్నేహితుడు ఇతనే.

నాలుగోవాడు యాంప్లిఫయరు సొంత వేడిని చూసేవాడు. క్రౌన్ కంపెనీ మాక్రోటెక్ శ్రేణిలో ఓడెప్ అనే సర్క్యూట్ ఉండేది. ట్రాన్సిస్టర్ల లోపలి వేడిని నేరుగా కొలవలేం కనుక, బయటికి పోయిన శక్తి, లోహపు రెక్కల వేడి చూసి లోపల ఎంత ఉంటుందో అది అంచనా వేసేది. చేతి నాడి చూసి లోపలి సంగతి ఊహించే పాతకాలపు వైద్యుడిలాగా అన్నమాట.

ఐదోవాడు కరెంటును చూసేవాడు. ఒకే యాంప్లిఫయరుకు ఎక్కువ స్పీకర్లు తగిలించినా, తీగలు ఒకదానికొకటి అంటుకున్నా అడ్డం పడతాడు.

వీరిలో ఎవరు మీ యాంప్లిఫయరులో ఉన్నారో దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. మామూలు ధర యాంప్లిఫయర్లలో మూడోవాడు సాధారణంగా ఉండడు. కాయిల్ స్నేహితుడే లేడు కాబట్టి ఆ బాధ్యత మిక్సరు దగ్గర కూర్చున్నవారిదే.

లిమిటరుకు కనపడనివి

ఒకటి. మిక్సరులోనే తల తెగితే యాంప్లిఫయరు లిమిటరుకు తెలియదు. అది తన లోపలి, బయటి సిగ్నళ్లనే పోలుస్తుంది. అప్పటికే తెగిన తలను అది అసలు రూపమే అనుకుని నమ్మకంగా 40 రెట్లు చేస్తుంది. యాంప్లిఫయరులో ఎర్ర లైటు లేదు, అయినా శబ్దం పగులుతోందంటే మిక్సరు ఛానళ్ల ఎర్ర లైట్లు చూడండి. మైకు గెయిన్ అక్కడ తగ్గించాలి.

రెండు. స్పీకరు తాహతు లిమిటరుకు తెలియదు. 200 వాట్ల పెట్టెకు 800 వాట్ల యాంప్లిఫయరు తగిలిస్తే, క్లిప్ లిమిటరు 800 దాకా ఊరుకుంటుంది.

మూడు. యాంప్లిఫయరు ముందున్న గుండీని సగానికి తిప్పితే స్పీకరుకు రక్షణ అని చాలామంది అనుకుంటారు. ఆ గుండీ లోపలికి వచ్చేదాన్ని తగ్గిస్తుంది గానీ, 80 వోల్టుల కప్పును దించదు. మిక్సరు నుంచి ఎక్కువ పంపితే అదే కప్పు దాకా మళ్లీ వెళుతుంది.

నాలుగు. మైకు కూత. స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి దూరి కీచుమనడం మొదలైతే, అది పెరిగి పెరిగి లిమిటరు కప్పు దగ్గర ఆగుతుంది. మాటలోనూ పాటలోనూ శిఖరాల మధ్య విరామాలు ఉంటాయి. శిఖరాలు కప్పును తాకేంత గట్టిగా సంగీతం నడిచినా, యాంప్లిఫయరు పూర్తి శక్తిలో సగటున ఎనిమిదో వంతు వాడుతుందని పరిశ్రమలో వాడుక లెక్క. అంటే మన ఉదాహరణలో 50 వాట్లు. కూతకు విరామం లేదు. అది ఏకధాటిగా 400 వాట్లు. పైగా కూత తరచు పై స్వరాల్లోనే వస్తుంది కనుక ఆ బరువు ట్వీటరు మీద పడుతుంది. లిమిటరు దాన్ని ఆపదు, తల తెగకుండా అందంగా కూయనిస్తుంది, అంతే. కూత వచ్చిన క్షణంలో ఫేడరు దించాల్సింది మన చెయ్యే.

ఐదు. ఎర్ర లైటు వెలుగుతుండగా ఇంకా పెంచడం. శిఖరాలు పెరగవు, వాటిని లిమిటరు పట్టుకుంది. కానీ శిఖరాల మధ్య ఉన్న మెల్లని భాగాలు పైకి వస్తాయి. 6 డెసిబెల్స్ పెంచితే సగటు వేడి నాలుగు రెట్ల దాకా పోవచ్చు. వినేవారికి మాత్రం హోరు పెరిగినట్టుంటుంది, మాట స్పష్టత పెరగదు.

ఈ ఐదో విషయం మన హాలుకు చాలా ముఖ్యం. మన మాటలో బలమంతా అచ్చుల్లో ఉంటుంది. అర్థం తెలిపేవి చాలావరకు హల్లులు. స, ష, త, క లాంటివి మెల్లగా, పై స్వరాల్లో పలుకుతాయి. గట్టి "ఆ" కారం లిమిటరును లాగితే, దాని వెనకే వచ్చే హల్లు కూడా అణిగిపోతుంది, ఎందుకంటే లిమిటరు వెంటనే వదలదు. పక్కనే డోలు మోగుతుంటే ప్రతి దెబ్బకూ పురోహితులవారి గొంతు లోపలికి వెళ్లి బయటికి వస్తుంది. వెనక వరుసలో పెద్దలు "వినపడటం లేదు" అంటే పెంచుతాం. పెంచినకొద్దీ ఇంకా వినపడదు.

చెవిలో ఉన్న లిమిటర్

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. భగవంతుడు మన చెవిలో కూడా ఒక లిమిటరు పెట్టాడు. మధ్య చెవిలో మూడు చిన్న ఎముకలున్నాయి. మూడోదానికి స్టెపీడియస్ అనే కండరం అంటి ఉంటుంది. శరీరంలో ఎముకలను కదిలించే కండరాల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. గట్టి శబ్దం రాగానే అది బిగుసుకుని ఎముకను కొంచెం పట్టి ఉంచుతుంది. లోపలి చెవికి చేరే శబ్దం తగ్గుతుంది.

యాంప్లిఫయరు లిమిటరుకున్న పరిమితులే దీనికీ ఉన్నాయి. ఇది బిగుసుకోవడానికి శబ్దం తీవ్రతను బట్టి సుమారు 25 నుంచి 100 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. దీపావళి టపాకాయ చప్పుడు శిఖరం అంతకన్నా ముందే లోపలికి వెళ్లిపోతుంది. ఇది ముఖ్యంగా మంద్ర స్వరాలనే తగ్గిస్తుంది, కీచు శబ్దాలను అంతగా ఆపలేదు. చాలాసేపు శబ్దం కొనసాగితే అలసిపోయి వదిలేస్తుంది.

దాని వెనుక కాపాడాల్సినవి లోపలి చెవిలోని రోమకణాలు. ఒక్కో చెవికి సుమారు 15,000. ట్వీటరు పోతే ఇంకోటి కొని బిగించవచ్చు. మనుషుల్లో ఈ కణాలు పోతే మళ్లీ మొలవవు.

అసలు చెప్పదలచిన మాట ఇదే. యాంప్లిఫయరులోని లిమిటరు స్పీకరును కాపాడటానికి పుట్టింది. హాలులో కూర్చున్నవారి చెవిని కాపాడటానికి కాదు. ఎర్ర లైటు వెలగలేదంటే చెవికి క్షేమమని అర్థం కాదు.

లెక్క చూడండి. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్స్ పలికే పెట్టెలు మామూలుగా దొరుకుతాయి. దానికి సగటున 40 వాట్లు ఇస్తే ఒక మీటరులో 113 డెసిబెల్స్. 400 వాట్ల యాంప్లిఫయరుకు ఇది తేలిక పని, లిమిటరు హాయిగా నిద్రపోతుంటుంది. నాలుగు మీటర్ల దూరంలో, ఆరుబయట అయితే, సుమారు 101. హాలులో గోడలు శబ్దాన్ని తిప్పి పంపుతాయి కనుక ఇంకొంచెం ఎక్కువే.

అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ 1998లో ప్రచురించిన సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. 112 దగ్గర ఒక్క నిమిషం కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద కార్యక్రమాల కోసం ఇచ్చిన ప్రమాణంలో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటరాదని ఉంది. నియోష్ అంకెలు పనిచేసే పెద్దవారి కోసం వేసినవి. స్పీకరు ముందు చాప మీద కూర్చున్న పసిపిల్లలకు అవి హద్దులు కావు, వారికి ఇంకా తక్కువే ఉండాలి.

మరి వెనక వరుస పెద్దల సంగతేమిటి? వయసుతో వచ్చే చెవుడులో ఒక విచిత్రం ఉంది. మెల్లని శబ్దం అసలు వినపడదు. కొంచెం పెంచితే ఒక్కసారిగా భరించలేనంత గట్టిగా తోస్తుంది. "గట్టిగా చెప్పరా, వినపడటం లేదు" అన్న తాతగారే మరుక్షణం "అంత అరుస్తావేమిట్రా" అనడం ప్రతి ఇంట్లోనూ చూస్తాం. ఆయన చాదస్తం కాదది, చెవి తీరు. ఆయనకు కావలసింది ఎక్కువ శబ్దం కాదు, స్పష్టమైన శబ్దం.

మైకు దగ్గర కూర్చునేవారికి

1. కార్యక్రమానికి ముందు యాంప్లిఫయరు వెనుక క్లిప్ లిమిటరు వేసి ఉందో లేదో చూడండి. మంద్ర స్వరాలను 30 లేదా 50 హెర్ట్జ్ దగ్గర కోసే స్విచ్చు ఉంటే వేయండి. మైకు కింద పడ్డప్పుడు, స్తంభానికి తగిలినప్పుడు వచ్చే దభీమనే అదురు నుంచి పెద్ద స్పీకరుకు అది రక్ష.

2. ముందు మిక్సరు ఛానళ్లలో ఎర్ర లైటు రాకుండా గెయిన్ సరిచేసి, తరువాతే యాంప్లిఫయరు చూడండి. పైనుంచి కిందికి, ఎప్పుడూ అదే వరుస.

3. యాంప్లిఫయరు ఎర్ర లైటు డోలు దెబ్బకు మిణుకుమంటే సరే. మాటకు కూడా వెలుగుతూ ఉంటే ఫేడరు దించండి. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరును చూసి సంతృప్తి పడం కదా, కారణం వెతుకుతాం.

4. పెంచే ముందు మైకును నోటికి దగ్గర చేయండి. దూరం సగం చేస్తే 6 డెసిబెల్స్ ఉచితంగా వస్తాయి. కూత రాదు, లిమిటరు లేవదు.

5. వాడని మైకులు మూసేయండి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైతే కూత 3 డెసిబెల్స్ ముందే వస్తుంది.

6. ఒక్కరు మాట్లాడేటప్పుడు మంద్రం తగ్గించండి. హల్లులు తేలతాయి.

7. పిల్లల నాట్యానికి తెచ్చే సినిమా పాటలు రికార్డింగులోనే అణచి, గట్టిగా చేసినవి. వాటిలో శిఖరాలు తక్కువ, సగటు ఎక్కువ. ఎర్ర లైటు రాకపోయినా చెవికీ, కాయిల్‌కూ ఎక్కువ దెబ్బ ఇవే. మాటకు, నాదస్వరానికి పెట్టిన స్థాయి కన్నా తగ్గించి మొదలుపెట్టండి.

8. పెద్దలను ముందు వరుసల్లో, పెట్టె ఎదురుగా కాక హాలు మధ్యకు కూర్చోబెట్టండి. వీలైతే వెనకవైపు చిన్న పెట్టె ఒకటి తక్కువ స్థాయిలో పెట్టండి. ముందు పెట్టెను పెంచడం కన్నా ఇది ఎంతో మేలు.

9. స్పీకరు చుట్టూ మూడు నాలుగు మీటర్ల దాకా పిల్లలు కూర్చోకుండా ముగ్గు గీతో, తాడో వేయండి. చంటిపిల్లల తల్లులకు వెనక చోటు చూపండి.

10. ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఒకటి పెట్టుకోండి. అది ప్రయోగశాల పరికరం కాకపోయినా దారి చూపుతుంది. జనం మధ్య కూర్చుని, "ఏ" తూకంలో చూడండి. భజనలో సగటు 90 లోపు ఉంచితే భక్తికి లోటు రాదు.

ఇంటికి వెళ్లాక చెవిలో గుయ్యిమంటూ ఉన్నా, దూది పెట్టినట్టున్నా ఆ రోజు శబ్దం ఎక్కువైందని అర్థం. మర్నాటికి తగ్గకపోతే చెవి పరీక్ష చేయించుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం పండగ అయ్యాక చూద్దామనుకోవద్దు. అది అత్యవసరం. మొదటి కొద్ది రోజుల్లో వైద్యం మొదలుపెడితేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

లిమిటరును తీసిపారేయమని నేను చెప్పడం లేదు. అది తప్పక ఉండాలి. కారులో సీటు బెల్టు లాంటిది. బెల్టు ఉంది కదా అని ఎవరూ గోడకు గుద్దుకోరు. యాంప్లిఫయరులోని లిమిటరు స్పీకరును కాస్తుంది, చెవిలోని లిమిటరు కొంతవరకు మనల్ని కాస్తుంది. ఈ రెండూ కాయలేని పసివారినీ, పెద్దవారినీ కాయవలసింది ఫేడరు మీద వేలు పెట్టిన మన వాలంటీరు. ఆ వేలు కొంచెం కిందికి జరిగినంత మాత్రాన స్వామికి వినపడకుండా పోదు.